అరిజోనా బ్లాండ్ టరాంటులాను గుర్తుపట్టడం ఎలా: రంగు సంగతి చివర్లో చూద్దాం

జులై నెలాఖరు సాయంత్రం. అరగంట పాటు దంచికొట్టిన వాన అప్పుడే వెలిసింది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, టూసాన్ ఊరి బయట కారు మెల్లగా నడుపుతుంటే, హెడ్‌లైట్ల వెలుతురులో నల్లటిదేదో రోడ్డు దాటుతూ కనిపించింది. ఎండుటాకు గాలికి దొర్లుతోందనుకున్నాను. దగ్గరికొచ్చేసరికి ఆ ఆకు ఆగి, ముందు కాళ్ళు రెండూ పైకెత్తింది. రెండు వారాల తర్వాత ఆ చుట్టుపక్కలే, ఒక కాలిబాట పక్కన కన్నంలో, ఎండిన గడ్డి రంగులో ఇంకో సాలీడు కనిపించింది. నోట్‌బుక్‌లో రెండిటినీ రెండు జాతులుగా రాసుకున్నాను: "నల్లది", "బంగారు రంగుది". రెండూ ఒకటేనని తర్వాత తెలిసింది. నల్లది మగ, బంగారు రంగుది ఆడ.

అది టరాంటులా, అంటే ఒళ్ళంతా వెంట్రుకలున్న పెద్ద సాలీడు. దాని శాస్త్రీయ నామం అఫోనోపెల్మా చాల్కోడిస్. వాడుకలో అరిజోనా బ్లాండ్ అంటారు, వెస్టర్న్ డెజర్ట్ టరాంటులా అని కూడా అంటారు. 1940లో రాల్ఫ్ చాంబర్లిన్ దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. చాల్కోస్ అంటే గ్రీకులో రాగి. అందరి నోళ్ళలో నానే "బ్లాండ్" (బంగారు రంగు జుట్టుది) మాత్రం ఆడదాన్ని చూసి పెట్టిన పేరు. ఆ పేరు పట్టుకుని రంగుతో మొదలుపెడితే రోడ్డు మీద కనిపించే మగవాటిలో చాలావాటిని మనం గుర్తే పట్టలేం. అందుకే ఇక్కడ వరస మార్చాను. ముందు చోటు, తర్వాత కాలం, ఆపైన ఆడా మగా, కన్నం, చిట్టచివర రంగు.

రంగును అంతగా నమ్మకపోవడానికి ఇంకో గట్టి కారణం ఉంది. 2016లో హామిల్టన్, హెండ్రిక్సన్, బాండ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు అమెరికాలోని అఫోనోపెల్మా ప్రజాతి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) మొత్తాన్ని తిరగదోడారు. అప్పటిదాకా కాగితాల మీద 55 జాతులు ఉండేవి. డీఎన్ఏ, శరీర నిర్మాణం, దొరికిన చోట్లు, మూడూ కలిపి చూశాక 29 మిగిలాయి. అందులోనూ 14 అప్పుడే కొత్తగా పేరు పెట్టినవి. పాత పేర్లలో చాలావరకు ఒకే సాలీడుకు పెట్టిన రెండో పేరు, మూడో పేరు. చాల్కోడిస్ ఒక్కదానిలోనే అలాంటివి చాలా కలిసిపోయాయి. మైక్రోస్కోపు ముందు కూర్చున్న నిపుణులే రంగును, వెంట్రుకలను చూసి ఇన్నిసార్లు పొరబడ్డారంటే, రోడ్డు పక్కన ఫోన్ పట్టుకుని నిలబడ్డ మనం కాస్త తగ్గి ఉండటమే మంచిది.

బయల్దేరే ముందు

దీని కాటుకు మనుషులు చచ్చిపోరు. తేనెటీగ కుట్టినట్టు ఉంటుందని అంటారు. ఎలర్జీ ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. అసలు ఇబ్బంది కాటుతో కాదు, పొట్ట మీది వెంట్రుకలతో. మనకు దూలగొండి తెలుసు కదా, కాయ మీది నూగు తగిలితే ఒళ్ళంతా గోక్కోవాల్సిందే. ఈ సాలీడు అలాంటి నూగును పొట్ట మీద మోస్తుంది. బెదిరితే వెనక కాళ్ళతో గబగబా పొట్టను రుద్ది ఆ వెంట్రుకలను గాల్లోకి వదులుతుంది. చర్మం మీద పడితే దురద, దద్దురు. కంట్లో పడితే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. కంటిని రుద్దారో, వెంట్రుక ఇంకా లోపలికి దిగుతుంది. చర్మం మీద పడినవాటిని అంటుకునే టేపుతో పీకేయొచ్చు.

కాబట్టి ముఖం దాని మీదికి వంచి ఫొటో తీయొద్దు. చేత్తో ఎత్తొద్దు కూడా. ఇది మన భద్రత కోసమే కాదు, దాని కోసం కూడా. టరాంటులా పొట్ట నీళ్ళు నింపిన బుడగ లాంటిది. నడుమెత్తు నుంచి జారి పడినా పగిలిపోవచ్చు, పగిలితే ఇక బతకదు.

మరో మాట. వానాకాలం సాయంత్రాలు టరాంటులాలు బయటికొచ్చే వేళకే గిలక పాములు కూడా బయటికొస్తాయి. కాళ్ళకు చెప్పులు కాకుండా బూట్లుండాలి. టార్చి వెలుతురు ముందు మీ అడుగు పడే చోట పడాలి, సాలీడు మీద తర్వాత. రోడ్డు మీద మగది కనిపిస్తే కారు పూర్తిగా పక్కకు తీసి ఆపాకే దిగండి.

మొదటి మెట్టు: అది టరాంటులానేనా

వెంట్రుకలున్న పెద్ద సాలీడు ప్రతిదీ టరాంటులా కాదు. అరిజోనాలో జనాన్ని ఎక్కువగా బోల్తా కొట్టించేది తోడేలు సాలీడు. తేడా తెలుసుకోవడానికి రాత్రి పూట మంచి చిట్కా ఒకటుంది. టార్చిని కంటి ఎత్తున పట్టుకుని నేల మీద వెలుతురు తిప్పండి. తోడేలు సాలీడు కళ్ళు మంచు బొట్టు మీద దీపం పడ్డట్టు ఆకుపచ్చగా తళుక్కుమంటాయి. టరాంటులా కళ్ళు అలా వెలగవు. దాని ఎనిమిది కళ్ళూ చిన్నచిన్నవి, తల ముందు భాగాన ఆవగింజంత దిబ్బ మీద ఒకేచోట గుమిగూడి ఉంటాయి. తోడేలు సాలీడుకు ముందువైపు రెండు పెద్ద కళ్ళు ఎదురుగా మనల్నే చూస్తున్నట్టుంటాయి. వీపు మీద పిల్లల్ని మోసుకుంటూ పోతోందంటే ఇక అనుమానమే వద్దు, అది తోడేలు సాలీడే.

కోరలు కనిపిస్తే ఇంకా తేలిక. టరాంటులా కోరలు గునపాల్లా రెండూ పక్కపక్కనే కిందికి దిగుతాయి. మామూలు సాలీళ్ళ కోరలు పట్టకారులా ఒకదానికొకటి ఎదురుగా మూసుకుంటాయి.

కన్నానికి తలుపు పెట్టుకునే ట్రాప్‌డోర్ సాలీళ్ళ కోరలు కూడా కిందికే దిగుతాయి, అవి టరాంటులాలకు దూరపు చుట్టాలు. వాటిని కాలి కొసను చూసి వేరు చేయాలి. టరాంటులా పాదం కింద దట్టమైన వెంట్రుకల మెత్త ఉంటుంది, కొస గుండ్రంగా పిల్లి పాదంలా కనిపిస్తుంది. ట్రాప్‌డోర్‌కు ఆ మెత్త ఉండదు. కాలు సన్నబడుతూ మొనదేలి ఉంటుంది, తల భాగం వెంట్రుకలు తక్కువై నున్నగా మెరుస్తుంది.

ఇంటి గోడ మీద అడ్డంగా, చదునుగా అతుక్కుని, కదిలిస్తే మెరుపులా పరిగెత్తేది పీత సాలీడు. పది కాళ్ళున్నట్టు కనిపిస్తూ, ముఖంలో సగం దవడలే ఉండి, పిచ్చిగా అటూ ఇటూ ఉరుకుతుంటే అది ఒంటె సాలీడు. అది అసలు సాలీళ్ళ వంశమే కాదు. అన్నట్టు, టరాంటులాకు కూడా పది కాళ్ళున్నాయని చాలామంది లెక్కపెడతారు. ముందువైపు ఉన్న పొట్టి జత కాళ్ళు కావు, తడుముకోవడానికి, ఎరను పట్టుకోవడానికి వాడే చేతుల్లాంటివి. ఈ చిన్న చేతులతో మనకు ఇంకో పని ఉంది, దాని సంగతి నాలుగో మెట్టులో చూద్దాం.

రెండో మెట్టు: మీరెక్కడున్నారు

నా లెక్కలో సగం గుర్తింపు ఇక్కడే అయిపోతుంది. చాల్కోడిస్‌ది సోనోరన్ ఎడారి. అరిజోనా దక్షిణ, మధ్య భాగాలు, సరిహద్దుకు అవతల మెక్సికోలోని సోనోరా రాష్ట్రం దాని ఇలాకా. ఫీనిక్స్, టూసాన్ రెండూ ఆ ఇలాకా లోపలివే.

మ్యాప్ చేతిలో లేకపోయినా చెట్లను చూసి చెప్పొచ్చు. చేతులెత్తి నిలబడ్డ మనిషిలా ఉండే సగువారో కాక్టస్ సోనోరన్ ఎడారిలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. చుట్టూ సగువారోలు ఉండి, నేల రాళ్ళూ కంకరా కలిసిన గట్టి మన్నై ఉండి, పెద్ద టరాంటులా కనిపించిందంటే మొదట చాల్కోడిస్‌నే అనుకోవచ్చు. జాషువా చెట్లు కనిపిస్తున్నాయా? అయితే మీరు మొహావే ఎడారి వైపు వచ్చేశారు. అక్కడ అఫోనోపెల్మా అయోడియస్ అనే ఇంకో జాతి ఉంది. దాని ఆడది కూడా లేత గోధుమ రంగుదే. కాలిఫోర్నియా, నెవాడా, యూటా, అరిజోనా వాయవ్య మూల దాని రాజ్యం. ఒక్క ఫొటో ఇచ్చి, ఎక్కడ తీసిందో చెప్పకుండా "ఇది చాల్కోడిసా, అయోడియసా" అని అడిగితే నేనైతే జవాబు చెప్పను.

ఎత్తు కూడా రాసుకోవాలి. దక్షిణ అరిజోనాలో ఎడారి మధ్య నుంచి కొండలు ద్వీపాల్లా లేస్తాయి. కింద కాక్టస్, పైన ఓక్, ఇంకా పైన పైన్ అడవి. ఒక్కో కొండకు దానిదే అనదగ్గ టరాంటులా ఉండటం మామూలే. 2016లో పేరు పెట్టిన అఫోనోపెల్మా కాటలినా శాంటా కాటలినా కొండల్లో ఉంటుంది, అఫోనోపెల్మా చిరికావా చిరికావా కొండల్లో. ఇవి చాల్కోడిస్ కంటే చిన్నవి, రంగు ముదురు. టూసాన్ నుంచి అరగంట ఘాట్ రోడ్డు ఎక్కితే చాలు, ఎడారి జాతి నుంచి కొండ జాతి దగ్గరికి వచ్చేస్తాం. కొండెక్కాక ఓక్ చెట్ల కింద కనిపించిన నల్లటి చిన్న టరాంటులాను "మగ చాల్కోడిస్" అని రాసేయడం అందరూ చేసే తప్పు. నేనూ చేశాను.

మూడో మెట్టు: ఏ నెల, ఏ వేళ

అరిజోనాలో మాన్సూన్ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా అని వాతావరణ శాఖ లెక్క. చాల్కోడిస్ మగవి ఆడవాటిని వెతుక్కుంటూ బయటికొచ్చేది ఈ వానల్లోనే, ముఖ్యంగా జులై నుంచి సెప్టెంబర్ దాకా. వాన పడి వెలిసిన సాయంత్రం, పొద్దు వాలుతున్న వేళ, లేదా తెల్లవారుజామున చూడాలి. మబ్బు పట్టి చల్లగా ఉంటే పగలే తిరుగుతాయి.

అయోడియస్ మగవి తిరిగేది వానలు తగ్గాక, శరదృతువులో. పాలోమా అనే మరుగుజ్జు జాతి మగవి కూడా చలి మొదలయ్యే రోజుల్లోనే తిరుగుతాయి. కాబట్టి నవంబర్‌లో టరాంటులా రోడ్డు దాటుతూ కనిపిస్తే, అది చాల్కోడిస్ కాకపోవచ్చనే అనుమానంతో మొదలుపెట్టండి. తేదీ ఒక్కటే తీర్పు ఇవ్వదు. కానీ ఫొటోలో కనిపించని విషయం తేదీ చెప్తుంది.

ఆడవి, పిల్లలు ఏడాది పొడవునా కన్నాల్లోనే ఉంటాయి. చలికాలంలో కన్నం నోటిని మట్టితో, దారంతో మూసేసుకుంటాయి కాబట్టి అప్పుడు వెతికి లాభం లేదు.

నాలుగో మెట్టు: ఆడా, మగా

ఇక్కడ కాస్త ఓపికగా చూడాలి. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే రంగు గొడవ సగం తీరుతుంది.

మగ టరాంటులా పుట్టిన నాటి నుంచి ఎనిమిది పదేళ్ళు చూడటానికి ఆడదానిలానే ఉంటుంది. చివరిసారి కుబుసం విడిచినప్పుడు ఒక్కసారిగా వేషం మారుతుంది. కాళ్ళు పొడవై సన్నబడతాయి, పొట్ట చిక్కిపోతుంది, రంగు ముదురుతుంది. ఆ తర్వాత మళ్ళీ కుబుసం విడవదు. కన్నం వదిలి తిరగడం మొదలుపెడుతుంది, కొన్ని నెలల్లో చనిపోతుంది. ఆడది అలా కాదు, ఇరవై ఏళ్ళు దాటి బతుకుతుంది, పెద్దయ్యాక కూడా కుబుసం విడుస్తూనే ఉంటుంది.

ఎదిగిన మగదాన్ని పట్టించే గుర్తులు రెండు. ఒకటి, ముందు కాళ్ళ కొక్కేలు. మొదటి జత కాలును కొస నుంచి లెక్కపెట్టుకుంటూ రండి. మూడో కణుపు అడుగున, కింది చివర, ముల్లులా పొడుచుకొచ్చిన కొక్కెం ఉంటుంది. జత కట్టేటప్పుడు ఆడదాని కోరలను ఈ కొక్కేలతో పట్టి ఆపుతుంది. మగది బెదిరి ముందు కాళ్ళు ఎత్తినప్పుడు ఎదురుగా, నేలకు దగ్గరగా ఫోన్ పెట్టి తీస్తే కొక్కెం నీడలా అయినా కనిపిస్తుంది. పై నుంచి తీసిన వంద ఫొటోల్లో ఒక్కదాన్లో కూడా కనిపించదు.

రెండోది ఇందాక చెప్పిన చిన్న చేతులు. ఆడదానికి, పిల్లలకు వాటి కొస మామూలు పాదంలానే ఉంటుంది. మగదానికి కొస మొద్దుబారి, బాక్సింగ్ గ్లవ్ తొడిగినట్టు ఉబ్బి ఉంటుంది. బీజం నింపుకునే ముంత లాంటి అవయవం దాని అడుగున మడిచి పెట్టి ఉంటుంది.

కొక్కేల వల్ల ఇంకో లాభం ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. కొక్కెం ఎదిగిన మగదానికే వస్తుంది. కాబట్టి కాళ్ళు చాపినా అయిదు సెంటీమీటర్లు దాటని బుల్లి టరాంటులాకు కొక్కేలు కనిపిస్తే, అది చాల్కోడిస్ పిల్ల అయ్యే ప్రసక్తే లేదు. పాలోమా లాంటి మరుగుజ్జు జాతి మగది. కొక్కేలు లేకపోతే మాత్రం ఏదీ తేల్చలేం. అది మరుగుజ్జు జాతి ఆడది కావచ్చు, పెద్ద జాతి పిల్ల కావచ్చు.

కన్నం దగ్గర కుబుసం దొరికితే వదలొద్దు. సాలీడు వీపు మీది పెంకు డబ్బా మూతలా ఊడి వస్తుంది, కాళ్ళూ కోరలూ చెక్కుచెదరకుండా ఉంటాయి. పొట్ట భాగపు పొర మడతలు పడి ఉంటుంది. దాన్ని సబ్బు కలిపిన నీళ్ళలో నానబెట్టి జాగ్రత్తగా విప్పితే, లోపలి వైపు, ముందున్న ఊపిరితిత్తుల జత మధ్యలో ఆడదానికి బీజం దాచుకునే చిన్న సంచులు కనిపిస్తాయి. జాతిని తేల్చేటప్పుడు నిపుణులు చూసే వాటిలో ఆ సంచుల ఆకారం కూడా ఒకటి. సాలీడును తాకకుండా దొరికే అతి గట్టి ఆధారం ఇదే. అయితే నేషనల్ పార్కుల్లో ఏదీ ఏరకూడదు, కుబుసం కూడా. సగువారో నేషనల్ పార్కు లోపల ఉంటే ఫొటోతో సరిపెట్టుకోండి.

అయిదో మెట్టు: కన్నం

గట్టి నేల మీద, చుట్టూ గడ్డి లేని చోట, గుండ్రటి కన్నం. వెడల్పు రెండున్నర నుంచి అయిదు సెంటీమీటర్ల మధ్య. నోటి అంచు చుట్టూ దారం పూత. పగటి పూట నోటికి అడ్డంగా పల్చటి దారపు పొర ఉంటే, లోపల మనిషి ఉన్నట్టే. నేనలాగే అంటుంటాను, అలవాటైపోయింది. ఆ దారం కాపలా పని కూడా చేస్తుంది. ఏ పురుగు దాని మీద కాలు వేసినా కదలిక లోపలికి తెలుస్తుంది.

తిరగేసిన మట్టి గుట్టగా పడి, దారం పోగు ఒక్కటీ లేకపోతే అది ఎలుకదో, ఉడుతదో. నోటి చుట్టూ పుల్లలు, ఆకులు పేర్చి చిన్న గోడ కట్టినట్టుంటే తోడేలు సాలీడుది కావచ్చు. తలుపు ఉంటే ట్రాప్‌డోర్. చాల్కోడిస్ కన్నానికి తలుపూ ఉండదు, గోడా ఉండదు.

చీకటి పడ్డాక ఎర్ర లైటుతో, అడుగుల చప్పుడు లేకుండా వెళ్ళి రెండు మీటర్ల దూరంలో కూర్చోండి. కాసేపటికి కన్నం నోట్లో ముందు కాళ్ళ కొసలు కనిపిస్తాయి, తర్వాత తల. ఆడదాని రంగు చూడటానికి ఇంతకు మించిన సమయం లేదు. కన్నంలో నీళ్ళు పోసి బయటికి రప్పించే వాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఏళ్ళ తరబడి ఒకే కన్నంలో కాపురం చేసే జీవి అది, ఇల్లు కూలితే మళ్ళీ అలాంటిది కట్టుకోవడం పెద్దదానికి సులువు కాదు.

ఇక్కడ ఇంకో ఆనవాలు. నీలి ఉక్కు రంగు ఒళ్ళు, నారింజ రంగు రెక్కలున్న పెద్ద కందిరీగ నేలకు ఆనుకుని కన్నం కన్నం వెతుకుతూ తిరుగుతుంటే, ఆ చుట్టుపక్కల టరాంటులాలు ఉన్నట్టే. దాన్ని టరాంటులా హాక్ అంటారు. సాలీడును కుట్టి, చచ్చుబడేలా చేసి, దాని మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు ఆ సాలీడును బతికుండగానే తింటూ పెరుగుతుంది. పురుగుల కాట్ల నొప్పికి మార్కులు వేసిన జస్టిన్ ష్మిట్ తన పట్టికలో దీనికి అన్నిటికన్నా పైదైన 4వ స్థాయి ఇచ్చాడు. టరాంటులా కంటే దీనికే దూరంగా ఉండటం మేలు.

ఆరో మెట్టు: ఇప్పుడు రంగు

చోటు సోనోరన్ ఎడారి, కాలం సరిపోయింది, ఆడో మగో తేలింది. ఇప్పుడు రంగు చూస్తే అది మనకు పనికొస్తుంది.

ఆడదాన్ని మూడు భాగాలుగా చూడండి. వీపు మీది పెంకు లేత గోధుమ, ఎండలో దాదాపు బంగారు రంగు. కాళ్ళు కూడా అదే లేత రంగు, కానీ ఒంటికి దగ్గరగా ఉండే తొడ భాగం మాత్రం స్పష్టంగా ముదురు. ఈ ముదురు తొడ, లేత కాలు తేడా నాకు "బంగారు రంగు" కంటే నమ్మకమైన గుర్తు. పొట్ట గోధుమ రంగు, మధ్యమధ్య పొడవాటి వెంట్రుకలు. మొత్తం కాళ్ళు చాపితే 10 నుంచి 13 సెంటీమీటర్లు, అంటే మన అరచేతిని నింపేంత.

మగదానికి కాళ్ళు నలుపు లేదా ముదురు గోధుమ. వీపు పెంకు రాగి చెంబు తోమినట్టు మెరుస్తుంది. చాల్కోడిస్ అన్న పేరుకు అర్థం తెలిసేది అప్పుడే. నల్లటి పొట్ట మీద ఎర్రటి పొడవాటి వెంట్రుకలు చెదురుగా లేచి ఉంటాయి.

ఇక రంగు ఎలా మోసం చేస్తుందంటే: కుబుసం విడిచిన కొత్తలో ఒళ్ళంతా ముదురుగా, పట్టులా నిగనిగలాడుతుంది. నెలలు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. మళ్ళీ కుబుసానికి సిద్ధమయ్యేసరికి మాసిన గుడ్డలా తయారవుతుంది. వెంట్రుకలు విసిరిన సాలీడు పొట్ట మీద బట్టతల మచ్చ పడుతుంది. దాన్ని జాతి లక్షణం అనుకుని "పొట్ట మీద గుండ్రటి మచ్చ ఉంది" అని రాసేవాళ్ళున్నారు. ఫ్లాష్ వేస్తే గోధుమ రంగు పసుపవుతుంది, సాయంత్రపు ఎండ పడితే ఏ టరాంటులా అయినా బ్లాండే.

టూసాన్ పరిసరాల్లో అఫోనోపెల్మా వోర్హీసి అనే జాతి కూడా చాల్కోడిస్‌తో కలిసే ఉంటుంది. అది కాస్త చిన్నది, ఆడది కూడా ముదురు రంగుదే. ముదురు రంగున్న ఆడది కనిపిస్తే, అది కొత్తగా కుబుసం విడిచిన చాల్కోడిసా, వోర్హీసీనా అని ఒక్క ఫొటోతో నేను చెప్పలేను. ఆగ్నేయ మూలకు, చివావాన్ ఎడారి వైపుకు వెళ్తే అఫోనోపెల్మా గేబెలి కలుస్తుంది, అది బూడిద ఛాయ ఉన్న గోధుమ రంగు. ఉత్తరాన ఎత్తైన కొలరాడో పీఠభూమి మీద నల్లటి అఫోనోపెల్మా మార్క్సి. ఈ హద్దుల దగ్గర చూసినవాటిని ప్రజాతి పేరుతోనే వదిలేయడం నా పద్ధతి.

ఫొటోలు తీసేటప్పుడు

అయిదు ఫొటోలు చాలు: నేరుగా పై నుంచి మొత్తం సాలీడు, వీపు పెంకు దగ్గరగా, పక్క నుంచి కాళ్ళన్నీ కనిపించేలా, ఎదురు నుంచి నేల ఎత్తులో కొక్కేల కోసం, చివరిది చుట్టూ ఉన్న నేల, చెట్లు. ఈ చివరిదే అందరూ మర్చిపోతారు, జాతి తేల్చే వాళ్ళు మొదట అడిగేది కూడా దాన్నే. పక్కన ఒక నాణెం పెడితే సైజు తెలుస్తుంది, కానీ సాలీడుకు చెయ్యెడం దూరంలోనే పెట్టండి.

చూసిన జీవుల ఫొటోలు పెట్టి పేరు తేల్చుకునే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెట్టేటప్పుడు కన్నం ఉన్న చోటును అందరికీ కచ్చితంగా చూపించకుండా దాచే సెట్టింగు ఉంది, దాన్ని వాడండి. పెంపకం కోసం అడవిలోంచి తవ్వుకుపోయేవాళ్ళు ఉన్నారు. యాప్ దానంతట అదే సూచించే పేరును మాత్రం అలాగే నొక్కేయకండి. అరిజోనా నుంచి వెళ్ళిన ప్రతి గోధుమ టరాంటులాకూ చాల్కోడిస్ అని చెప్పేయడం దానికి బాగా అలవాటని నా అనుభవం.

ఇక్కడ చిన్న పక్కదారి. అఫోనోపెల్మా ప్రజాతిని 1901లో స్థాపించిన పోకాక్ అనే ఆయనే, అంతకు రెండేళ్ళ ముందు మన గుత్తిలో దొరికిన నీలి టరాంటులాకు పేసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆ చుట్టరికం చూసి రెండిటికీ ఒకే జాగ్రత్తలు అనుకోవద్దు. గుత్తి సాలీడు చెట్ల మీద ఉంటుంది, దానికి దురద వెంట్రుకలు లేవు, కాటు మాత్రం చాల్కోడిస్ కంటే చాలా గట్టిది. ఈ మెట్లేవీ దానికి పనికిరావు.

ఏడో మెట్టు: రాసుకోవడం

చూసిన రోజు రాత్రే రాయండి. నేను ఇలా రాస్తాను: తేదీ, వేళ, వాన ఎప్పుడు పడింది, ఊరు, ఎత్తు, చుట్టూ ఏ చెట్లు, రోడ్డు మీదా కన్నంలోనా, కొక్కేలు చూశానా లేదా, తొడ రంగు, కాలి రంగు, సైజు అంచనా. అన్నిటికన్నా కింద జాతి పేరు, దాని పక్కన నమ్మకం ఎంతో ఒక్క మాట. "కొక్కేలు లేవు" అని రాయడం వేరు, "కొక్కేలు చూడలేదు" అని రాయడం వేరు. ఆ రెండూ కలిపేస్తే ఏడాది తర్వాత మన రాతను మనమే నమ్మలేం.

ఆ మొదటి రెండు ఎంట్రీలను నేను చెరిపేయలేదు. "నల్లది" పక్కన తర్వాత ఇంకో సిరాతో రాసుకున్నాను: మగ, సగువారో నేల, జులై, వాన వెలిశాక, రాగి వీపు, చాల్కోడిస్, నమ్మకం బాగా ఉంది. "బంగారు రంగుది" పక్కన: కన్నంలో ఆడది, ముదురు తొడలు, చాల్కోడిస్, ఇంకా బాగా. వాటి కింద మూడో ఎంట్రీ ఉంది, చిరికావా కొండ రోడ్డు పక్కన అక్టోబర్‌లో ఓక్ చెట్ల కింద చూసినది. మొదట దాన్ని కూడా చాల్కోడిస్ అనే రాసి, తర్వాత కొట్టేశాను. ఇప్పుడు అక్కడ ఉన్నది ఇంతే: అఫోనోపెల్మా, నలుపు, చిన్నది, కొక్కేలు చూడలేదు.